మా అక్క కారం గిన్నెలు

పోయిన నెల గద్వాలలో మా పక్కింటి మగ్గాలవాళ్ళ అమ్మాయి పెళ్ళి విందుకు వెళ్ళాను. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో భోజనానికి ముందే కూర్చున్న చోటికి పళ్ళేలు తెచ్చి తిప్పుతున్నారు కదా, అలా వచ్చిన ఒక పళ్ళెంలో అరచేతిలో సగం కూడా లేని చిన్న చిన్న గిన్నెల్లాంటివి కనిపించాయి. అంచులు పొరలుగా విచ్చుకుని, నడుమ ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా కలిపిన కూర ఉంది. ఎడమ పక్కన కూర్చున్న మా కోడలు ఏదో చెప్పింది. ఆ చెవి నాకు వయసులోనే పోయింది గనుక మరోసారి చెప్పించుకున్నాను. వీటిని టార్టులంటారట. పఫ్ పిండి మిగిలిపోతే పారెయ్యకుండా పావుగంటలో చేసుకోవచ్చట, తను ఫోనులో చూసిందట. నేను ఒకటి కొరికాను. కళ్ళలో నీళ్ళు తిరిగేసరికి కోడలు కారం ఎక్కువైందనుకుని మంచినీళ్ళ సీసా అందించింది. ఆ పాటల హోరులో ఆమెకు ఏం చెప్పగలను? ఇంటికి వచ్చాక కూడా చెప్పలేకపోయాను. నా ఈడువాళ్ళు ఎవరైనా చదివితే వాళ్ళకే ముందు అర్థమవుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

నా పుట్టిల్లు ఉప్పునుంతల దగ్గరి ఒక పల్లె. ఆముదాలు, జొన్నలు, వాన కరుణిస్తే నాలుగు బస్తాల పల్లీలు, అదీ మా సేద్యం. పిండితో రొట్టె కొట్టడం తప్ప మరో పని ఉంటుందని తెలియని నన్ను పంతొమ్మిదో ఏట వనపర్తిలో బేకరీ ఉన్న ఇంటికి ఇచ్చారు. వాళ్ళూ మావాళ్ళే, సేద్యం చేసుకునేవాళ్ళే. కాని బావి ఎండిపోయిన ఏడు మా ఆయన అన్న, అంటే మా బావ, చిన్న వయసులోనే రాయచూరు పోయి అక్కడి బేకరీలో పని నేర్చుకుని, తొమ్మిదేళ్ళ తరువాత తిరిగివచ్చి వనపర్తి బస్టాండు రోడ్డులో సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. ముందు అద్దాల బీరువాలూ గల్లా, దాని వెనక కట్టెలతో మండే పెద్ద భట్టీ ఉన్న పొడుగాటి గది, ఆ వెనక మేము ఉండే రెండు గదులూ పెరడూ. గల్లా దగ్గర మా ఆయన కూర్చునేవాడు. భట్టీ దగ్గర బావా, ఆయన భార్యా. ఆమె నాకు యారాలు, అంటే తోటికోడలు, నాకంటే ఏడేళ్ళ ముందే ఆ ఇంటికి వచ్చింది. నేను అక్క అని పిలిచేదాన్ని. అత్త అప్పటికే పోయింది, మామ పల్లెలో ఉన్న పొలం చూసుకుంటూ ఉండేవాడు.

కాపురానికి వచ్చిన మూడో రోజు పొద్దున గదిలో దుప్పట్లు మడతపెడుతుంటే భట్టీ గదిలోంచి దబ్బు దబ్బుమని చప్పుడు వినిపించింది. ముందురోజే బావ పిండిముద్దను ఎత్తి బల్ల మీద కొట్టడం చూశాను గనుక ఇదీ అదేననుకున్నాను. కాసేపటికి చప్పుడు ఆగింది. అక్క పెరట్లోకి వచ్చి తొట్టిలో నీళ్ళు ముంచుకుని చెంప మీద చల్లుకుంది. నన్ను చూడగానే కొంగు మొహం మీదికి లాక్కుని, ఏమీ కానట్టు, "చాయ్ తాగినవా చెల్లె?" అని అడిగింది. నెల తిరగకముందే ఆ రెండు చప్పుళ్ళ తేడా నాకు తెలిసిపోయింది. పిండి మీద పడే దెబ్బకు ఒక వరస ఉంటుంది. మనిషి మీద పడే దెబ్బకు వరస ఉండదు. ఒకటి పడ్డాక రెండోది ఎప్పుడు పడుతుందో తెలియదు.

ఎందుకు కొట్టేవాడని అడిగితే ఒక్క కారణం చెప్పలేను. భట్టీ ఒక పక్క ఎక్కువ కాలినా, ఈస్టు పొంగకపోయినా, చాయ్ చల్లారినా, పఫ్‌లు కొనడానికి వచ్చిన కాలేజీ పంతులుతో అక్క ఒక మాట ఎక్కువ మాట్లాడినా చెయ్యి లేచేది. చేతిలో ఏముంటే దానితోనే. తడిగుడ్డ, కర్ర, ఒకసారి బరువుల తక్కెడ గొలుసు. అక్కకు రెండుసార్లు కడుపు నిలిచి రెండుసార్లూ పోయింది. ఎందుకు పోయిందో డాక్టరమ్మ అడగలేదు, అక్క చెప్పలేదు. నాకు మాత్రం ఒకనాడు పెరట్లో గిన్నెలు తోముతూ, వాన రాలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది. బావ కూడా దెబ్బల నడుమ పెరిగినవాడే. పల్లెలో మామ ఎద్దులకు వాడే చెర్నాకోలనే కొడుకులకూ వాడేవాడని మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు, అదేదో ముచ్చటైన సంగతి అయినట్టు. బావ రెండు ముంజేతుల మీదా పాత కాలిన మచ్చలు వరసగా ఉండేవి. అవి భట్టీ పనిలో అందరికీ అయ్యేవేనని నేను అనుకునేదాన్ని.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. పనిలో ఆయన అంత నేర్పు గలవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. మైదా పిండిని పరుపులా పరిచి, మీద వనస్పతి పూసి, మడతపెట్టి, తడిగుడ్డ కప్పి, మళ్ళీ పరిచి, మళ్ళీ మడతపెట్టి, చివరికి స్కేలు పెట్టి గీసినట్టు చదరంగా కోసేవాడు. ఆ కోతలో నాలుగు పక్కలా అంచులు మిగిలేవి. వాటిని తుకడాలనేవాళ్ళం. ఆ తుకడాల విషయంలో ఆయనకు ఒక మొండి పట్టు ఉండేది. ఎవరూ వాటిని ముట్టరాదు. సాయంత్రం పాలవాడి బర్రెకు బకెట్లో వేసేవాళ్ళం. అంత మంచి పిండి బర్రెకు ఎందుకని కొత్తలో ఒకసారి అడిగితే, అక్క కళ్ళతోనే వద్దని సైగ చేసింది.

ఒక మధ్యాహ్నం బావ వనస్పతి డబ్బాల కోసం రాయచూరు పోయాడు. శ్రీరంగాపూర్ జాతర రోజులు. తిరుగు బస్సు రాక బస్టాండు నిండా జనం, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, మా అద్దాల బీరువా అప్పటికే ఖాళీ. అక్క ఆ జనాన్ని చూసింది, బకెట్లో ఉన్న తుకడాలను చూసింది, కొంగు నడుముకు బిగించింది.

"చెల్లె, ఉల్లిగడ్డలు కోసియ్యి, బేగ బేగ," అంది. బేగ అంటే త్వరగా అని, ఆ కన్నడ మాట బావ నోటిదే. కాని ఆమె నోట్లో అది తిట్టులా వినిపించలేదు.

నేను ఆ తుకడాలను ఒక ముద్దగా పిసకబోతే ఆమె నా చెయ్యి ఆపింది. పిసికితే పొరలు పోతాయి, ఒకదాని మీద ఒకటి పేర్చి అరచేత్తో అదిమి ఒక్కసారి బేలన్ తిప్పితే చాలు. చిన్న కేకుల అచ్చుల్లో ఆ రేకులు పరిచి, అడుగు పొంగకుండా దబ్బనంతో నాలుగు పోట్లు పొడిచి, కోసిన ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలూ, ఉప్పూ కలిపి నింపి, పైన గిలక్కొట్టిన కోడిగుడ్డు చెంచాడు పోసింది. పఫ్‌లు దించిన భట్టీలో ఇంకా మిగిలిన వేడి వాటికి సరిగ్గా సరిపోయింది. పావుగంటలో బయటికి తీస్తే బంగారు రంగు తిరిగి ఉన్నాయి. వాటికి పేరు లేదు. ఒక ముసలాయన రెండోసారి వచ్చి, "గా కారం గిన్నెలు ఇంకో రెండు ఇయ్యి బిడ్డా," అన్నాడు. అంతే, ఆ పేరు నిలిచిపోయింది. చివరి అచ్చు ఖాళీ అయ్యాక మేమిద్దరం పిండి బస్తాల మీద కూలబడి నవ్వుకున్నాం. అక్క పళ్ళు అంత చక్కగా ఉంటాయని, చెంపకు ఒక పక్కన సొట్ట పడుతుందని నేను చూసింది ఆ రోజే.

సాయంత్రానికి బావ వచ్చాడు. ఎదురుగా ఉన్న దర్జీ మంచి మనసుతోనే, మీ ఇంట్లో గిన్నెలు మస్తుగున్నాయని పొగిడాడు. బావ లోపలికి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, చొక్కా విప్పి మేకుకు తగిలించాడు, షట్టరు సగం దించాడు. తరువాత ఇనుప ట్రే తీసుకుని దాని అంచుతో అక్క వీపు మీద కొట్టాడు. ఆమె కింద పడ్డాక కూడా ఆగలేదు. నేను గల్లా దగ్గరికి పరుగెత్తి మా ఆయన చెయ్యి పట్టుకుని గుంజాను. ఆయన రేడియో చప్పుడు పెంచి, "వాళ్ళ మొగుడు పెండ్లాల నడుమ మనదేముంది, లోపలికి పో," అన్నాడు. సగం దించిన షట్టరు కింద నుంచి బయట నడిచే కాళ్ళు కనిపిస్తున్నాయి. కొన్ని కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆగి, మళ్ళీ నడిచిపోయాయి.

అక్కడితో అక్క మానేస్తుందనుకున్నాను. మానలేదు. బావ సోమశిలకో, కొల్లాపూరుకో, సరుకుకో పోయినప్పుడల్లా తుకడాలు పేర్చేది. చింతచిగురు దొరికితే చింతచిగురు, లేకపోతే ఆలుగడ్డ, ఒకసారి ఉత్త కారంపొడీ నువ్వులూ. ఎందుకు ఇంత సాహసం అని నేను ఏడ్చినంత పని చేస్తే ఆమె అచ్చులు తుడుస్తూ అంది:

"చెయ్యకున్న కొడుతడు, చేసిన కొడుతడు. చేస్తే జర కడుపు నిండినట్లుంటది."

నాకు పెళ్ళయిన రెండో ఎండాకాలం. నేను రెండో నెలలో ఉన్నాను, ఇంకా ఎవరికీ చెప్పలేదు. నాగర్‌కర్నూలు పోయిన బావ, వెళ్ళిన పని కాక మధ్యాహ్నమే తిరిగి వచ్చాడు. భట్టీ తలుపు తెరిచి ఉంది, బల్ల మీద పన్నెండు గిన్నెలు ఆవిర్లు కక్కుతున్నాయి. ఆయన అరవలేదు. ఒక గిన్నె తీసుకుని విరిచాడు, పొరలు చూశాడు. ఆ పొరలు ఎంత బాగా విచ్చుకున్నాయో ఆయనకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ఆ తరువాత అక్క కుడి చెయ్యి పట్టుకుని భట్టీ దగ్గరికి ఈడ్చుకుపోయి, అరచేతిని ఆ ఇనుప తలుపుకు ఆనించి అదిమాడు.

ఆ వాసన గురించి రాయను. ఆమె అరుపు మాత్రం బస్టాండు దాకా వినిపించిందని తరువాత చాలామంది చెప్పారు.

నా చేతిలో బేలన్ ఉంది. బేకరీ బేలన్ అంటే ఇళ్ళల్లో చపాతీలు చేసే కర్ర కాదు, బారెడు పొడుగు, తొడంత లావు, రెండు చేతులా ఎత్తాలి. ఎత్తానని నాకు గుర్తు లేదు. ఆయన ముంజేతి మీద పడ్డప్పుడు వచ్చిన చప్పుడు మాత్రం గుర్తుంది, ఎండిన కందికట్టె మోకాలికి ఆనించి విరిచినట్టు. ఆయన అక్క చెయ్యి వదిలేశాడు. అక్కడ నేను ఆగి ఉంటే నాకు ఇన్నేళ్ళూ చెప్పుకోవడానికి ఒక న్యాయం ఉండేది. ఆగలేదు. రెండో దెబ్బ భుజం మీద కొట్టాను. ఆయన మోకాళ్ళ మీద కూలిపోయి విరిగిన చేతిని ఒడిలో పెట్టుకుని నా వైపు చూస్తుంటే మూడోది వీపు మీద కొట్టాను. ఆ మూడో దెబ్బ కొట్టేటప్పుడు నాకు భయం లేదు, కోపం కూడా లేదు. హాయిగా ఉంది. ఈ ముక్క ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

నాలుగోది ఎత్తుతుంటే అక్క కాలిన చేతిని గాలిలో పట్టుకునే భుజంతో నన్ను తోసేసింది.

"ఆగే, సస్తడు. ఆగు."

దవాఖానలో ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. మెట్ల మీద జారి పడ్డానని బావ చెప్పాడు. మరదలు కొట్టిందని చెప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదు. భట్టీ తలుపు తగిలిందని అక్క చెప్పింది. ఒకే ఇంట్లో ఒకే పూట ఇద్దరికీ ఇలా ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. ఇంటికి వచ్చాక మా ఆయన తలుపు గొళ్ళెం పెట్టి, అన్న మీద చెయ్యెత్తుతావా అని, జీవితంలో మొదటిసారి నన్ను కొట్టాడు. అరచెయ్యి తెరిచి, ఎడమ చెవి మీద. ఆ చెవిలో అప్పుడు మొదలైన గుయ్యిమనే మోత వారానికి తగ్గింది, మోతతోపాటే వినికిడీ పోయింది. కడుపులో ఉన్న బిడ్డ సంగతి అప్పుడు చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని తన చెయ్యి వైపు చాలాసేపు చూసుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ నా మీద లేవలేదు. నా మీద జాలితోనా, బేలన్ మీద భయంతోనా అన్నది ఆయన పోయేదాకా నేను అడగలేదు.

రెండో రోజు పల్లె నుంచి మామ వచ్చాడు, చెర్నాకోల భుజాన వేసుకునే. మా నాయనకు కబురు పంపితే ఆయనా వచ్చాడు. నలుగురు మగవాళ్ళూ భట్టీ గదిలో బస్తాల మీద కూర్చున్నారు, మేమిద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం. అక్క అరచెయ్యి ఎట్లా ఉందని మా నాయనతో సహా ఒక్కరూ అడగలేదు. బిడ్డను పెంచడం రాలేదని మామ అంటే మా నాయన తల వంచుకుని, "బావ కాళ్ళు మొక్కు బిడ్డా, ఒక్కపారి మొక్కు, ఒడిసిపోతది," అన్నాడు. మా నాయన నా మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. ఆ మాట ఆయన నోట విన్నాక, చేసుకున్నా బాగుండేదనిపించింది. వంగి మొక్కాను. ఒక చెవిలో మోత, ఇంకో చెవిలో వాళ్ళ మాటలు. మొక్కినా ఒడవలేదు. ఇలాంటిదాన్ని ఇంట్లో ఉంచుకుంటే రేపు గొంతు కోస్తుందని, పుట్టింటికి తోలెయ్యమని మామ తీర్పు చెప్పాడు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న అక్క ముందుకు వచ్చింది. మామ ఎదుట ఆమె నోరు తెరవడం అదే మొదలు.

"చెల్లె పోతే నేను గూడ పోత," అంది. "ఈయనకు చెయ్యి ఇరిగింది. మరిదికి ఈస్టంటే ఏందో తెల్వదు. రేపు పొద్దుగాల భట్టీ ఎవలు ముట్టిస్తరో మీరే సూసుకోన్రి."

ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. మామ చెర్నాకోలను ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు. బావ నేల చూపు చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన, తండ్రి ఎదుట ఎన్నడూ ఒక మాట అనని మనిషి, నెమ్మదిగా, పెండ్లిళ్ళకు కేకులు ఒప్పుకున్నామని అన్నాడు. ఆ కేకుల వల్ల నేను ఆ ఇంట్లో ఉండిపోయాను. న్యాయం వల్ల కాదు.

తరువాత రెండు నెలలు అక్కకు ఒక చెయ్యి, నాకు రెండు, మొత్తం మూడు చేతులతో ఆ బేకరీ నడిపించాం. ఆమె చెప్పేది, నేను చేసేదాన్ని. ఎడమచేత్తో పిండి నొక్కి చూసి, ఇంకా ఆగాలనో, ఇక చాలనో అనేది. నా మొదటి పఫ్‌లు రాళ్ళలా వచ్చాయి. రెండో వారానికి పొరలు కనిపించాయి. తుకడాలు ఇక బర్రెకు పోలేదు. రోజూ మూడు గంటలకు కారం గిన్నెలు దిగేవి, కాలేజీ పిల్లలు ముందే వచ్చి నిలబడేవాళ్ళు. ఆ రెండు నెలలూ బావకు అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టింది కూడా అక్కే, ఎడమచేత్తో. నాకు అది చూస్తే కడుపు మండేది. ఎందుకు పెడుతున్నావని అడిగితే, "ఆకలైతది గదా," అంది. ఇప్పటికీ నాకు అది పూర్తిగా అర్థం కాలేదు.

పట్టీ విప్పి చూస్తే బావ ముంజేతి ఎముక వంకరగా అతుక్కుని ఉంది. గ్లాసు పట్టుకోగలడు, బేలన్ తిప్పలేడు. కొట్టనూ లేడు. ఒకసారి ఎడమచేత్తో వేడి చాయ్ గ్లాసు అక్క మీదికి విసిరాడు. అది గోడకు తగిలి పగిలింది. అక్క గాజు ముక్కలు ఏరి, వెళ్ళి బేలన్ తెచ్చి ఆయన ఎదుట బల్ల మీద పెట్టి, తన పని తాను చేసుకుంది. తిట్లు చివరిదాకా ఉన్నాయి. చెయ్యి మాత్రం ఆగింది. ఆయన మారాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎముక సరిగా అతకలేదు, అంతే. ఒక మనిషి అన్నం తినే విద్యను నా చేతులతో పోగొట్టానన్న మాట కూడా నిజమే. రెండూ నిజమే.

నాతో ఆయన మాట్లాడటం మానేశాడు. ఆరేడేళ్ళ తరువాత ఒక వానాకాలం సాయంత్రం గిరాకీ లేక దుకాణంలో ఆయనా నేనూ మాత్రమే ఉన్నప్పుడు, రోడ్డు వైపు చూస్తూ, ఎవరికో చెప్పినట్టు అన్నాడు.

"రాయచూర్ల పన్నెండేండ్ల పోరన్ని. ఆకలైతే తుకడాలు తిన్న. మా సేటు భట్టీ తలుపుకే పెట్టిండు, రెండు చేతులు."

ఆ ముంజేతుల మచ్చలు అప్పుడు చూశాను, సరిగ్గా ఒకే కొలతలో ఉన్న ఆ వరసలు. ఆయన క్షమించమని అడగలేదు. లేచి వెళ్ళి షట్టరు దగ్గర నీళ్ళు ఊడ్చాను. ఆ రోజు జాలి కలగలేదు. ఇప్పుడు, ఆయన పోయిన ఇన్నేళ్ళకు, పన్నెండేళ్ళ ఆ పిల్లవాడి మీద కలుగుతుంది. పెద్దయిన ఆ మనిషి మీద ఇంకా కలగదు.

ఇక చెప్పాలా వద్దా అని వెనకాడుతున్న ముక్క ఒకటి మిగిలింది. ఆ కడుపున పుట్టిన నా కూతురు ఏడేళ్ళదై ఉండగా, ఒక పండుగ ముందు రోజు, ఊపిరి సలపని పనిలో, నూరు గిన్నెలు పేర్చిన ట్రేకు తగులుకుని పడింది. ట్రే అంతా నేలపాలు. నేను దాని రెక్క పట్టుకుని లేపి చెంప మీద కొట్టాను. అది నోరు తెరిచి ఏడవబోతే మళ్ళీ కొట్టాను. నా రెండో చెయ్యి దానంతట అదే బల్ల మీదికి పోయి బేలన్ మీద పడింది. అక్క నా మణికట్టును పట్టుకుంది. ఆ గట్టిపడ్డ, ముడుచుకుపోయిన అరచేతితో.

"ఇగ నువ్వా?" అంది.

చూస్తే నా బిడ్డ ముడుచుకుని కూర్చుని, మోచెయ్యి ఎత్తి చెవి కప్పుకుని, రెండో దెబ్బ కోసం చూస్తోంది. అక్క సరిగ్గా అలాగే కూర్చునేది. ఆ పిల్లకు అది ఎవరూ నేర్పలేదు. నేను ఒక్క పూటలో నేర్పాను. బేలన్ వదిలి పెరట్లోకి పోయి తొట్టి నీళ్ళు తల మీద కుమ్మరించుకున్నాను. అక్క దానికి ఒక గిన్నె దులిపి ఇచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ రోజు నుంచి కోపం వస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాను. చూసినవాళ్ళు పెద్దమనిషి తరహా అనుకుంటారు. నా కూతురికి ఆ రోజు గుర్తుందో లేదో అడిగే ధైర్యం లేదు. దానికి ఇద్దరు పిల్లలు. వాళ్ళ మీద అది చెయ్యెత్తదు. అది మాత్రం గమనిస్తూ వచ్చాను.

ఇప్పుడు ఆ బేకరీ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు భాగం పోయింది, మిగిలిన దానిలో ఎవరో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా ఆయన పోయి ఆరేళ్ళు. మంచివాడని అందరూ అన్నారు, నేనూ అన్నాను. అక్క పోయి రెండేళ్ళు. నేను గద్వాలలో మా అబ్బాయి దగ్గర, మూడంతస్తుల ఇంట్లో అద్దె వాటాలో ఉంటున్నాను. మన ఈడువాళ్ళం కలిస్తే ఆ రోజులే బాగుండేవని అంటాం. అప్పుడు మనిషికి మనిషి తెలుసు, ఒకరింట్లో కూర వండితే నలుగురికీ తెలిసేది, ఇప్పుడు పక్క వాటాలో ఎవరుంటారో పేరు కూడా తెలియదు అంటాం. నేనూ తల ఊపుతాను. మాకు నిజంగానే అందరూ తెలుసు. దర్జీకి తెలుసు, చాయ్ హోటలాయనకు తెలుసు, పాలవాడికి తెలుసు, కాలేజీ పంతులుకు తెలుసు. తొమ్మిదేళ్ళు ఆ బజారంతా అక్క అరుపులు విన్నది, విని వచ్చి, వేడి వేడి పఫ్‌లు కట్టించుకుని పోయింది.

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం మా పై వాటాలో కొత్తగా దిగిన జంట గొడవ పడ్డారు. మగవాడి గొంతు లేచింది, ఏదో పగిలింది, ఆ అమ్మాయి అరిచింది. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. అంతలో మెట్ల మీద చప్పుళ్ళు. ఎదురింటి తలుపు తెరుచుకుంది, కింద వాటా తలుపు, ఆ పక్క వాటా తలుపు. ఒకరికొకరు పేర్లు తెలియని మనుషులు నలుగురు ఆ మెట్ల మీద గుమిగూడారు. నా కోడలు తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వాళ్ళ ముందుకు పోయి, ఆ గుమ్మం ముందు నిలబడి, లోపలున్న అమ్మాయిని ఉద్దేశించి, "అక్కా, తలుపు తియ్యి, మేమందరం ఈడనే ఉన్నం," అంది.

నేను కూడా లేచి, గోడ పట్టుకుని, మెట్ల దాకా పోయాను. నా వల్ల అయ్యేది ఏమీ లేకపోయినా ఆ తలుపు తెరుచుకునేదాకా అక్కడే నిలబడ్డాను. అక్క బతికి ఉంటే ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పేదాన్ని. ఒక్కరో ఇద్దరో కాదు అక్కా, నలుగురు వచ్చిన్రు అని.